ప్లాట్‌ఫారం ఖాళీ చేయించిన రోజు

ఎమ్మిగనూరికి రైలు లేదు. మా వీధిలో తెల్లారి లేస్తే మగ్గాల చప్పుడే గానీ రైలు కూత ఏనాడూ వినబడలేదు. రైలు చూడాలంటే బస్సెక్కి ఆదోనికి పోవాల్సిందే. అలాంటి ఊళ్లో, నేతపనివాళ్ల ఇంట్లో పుట్టిన నేను స్టేషన్ మాస్టరు ఉద్యోగం చేసి రిటైరయ్యానంటే మా బంధువులకు ఇప్పటికీ వేళాకోళమే. "సముద్రం సూడనోడు పడవ నడిపినట్టుండాది మన నాగప్ప యవ్వారం" అని మా పెదనాన్న బతికున్నంత కాలం అంటూనే ఉన్నాడు. పడవ బాగానే నడిపాను. ముంచలేదు.

డెబ్బైల్లో అసిస్టెంటు స్టేషన్ మాస్టరుగా మొదటిసారి ఆదోనిలో అడుగుపెట్టాను. తర్వాత బదిలీల మీద పది ఊళ్ల నీళ్లు తాగి, ఎనభైల్లో మళ్లీ అక్కడికే వచ్చాను. ఎప్పుడు ఏ గ్రేడు ఇచ్చారు, ఏ అధికారి నా గురించి ఏం రాశాడు అనే సంగతులు ఇక్కడ రాయబోవడం లేదు. అవి నా పెన్షన్‌కు పనికొచ్చాయి, మీకు పనికిరావు.

కొత్తగా ఉద్యోగంలో చేరే పిల్లలు నా దగ్గరికి వచ్చినప్పుడు సిగ్నళ్ల గురించి అడుగుతారు, డ్యూటీ గంటల గురించి అడుగుతారు, క్వార్టర్లు కురుస్తాయా అని అడుగుతారు. స్టేషన్ నిండా జనం ఉన్నప్పుడు ప్రమాదం ముంచుకొస్తే వాళ్లను బయటికి ఎలా పంపాలని మాత్రం ఒక్కరూ అడగరు. రూలు పుస్తకం కూడా ఆ సంగతి ముక్తసరిగా చెప్పి ఊరుకుంటుంది. జనాన్ని సురక్షితమైన చోటికి తరలించమంటుంది. తరలించడానికి వాళ్లేమైనా వేరుశనగ బస్తాలా? కాళ్లుంటాయి, సామాన్లుంటాయి, మొండితనం ఉంటుంది. నాకు ఆ పని నేర్పిన సంఘటనలు రెండే రెండు. రెండూ ఆదోనిలోనే జరిగాయి.

గంట కొడితే ఏమైంది

ఆ రోజుల్లో స్టేషన్ గంటంటే వేలాడగట్టిన ఒక రైలు పట్టా ముక్క. పక్క స్టేషన్ నుంచి బండి బయలుదేరిందని కబురు రాగానే పోర్టరు దాన్ని సుత్తితో కొట్టేవాడు. ఆ చప్పుడు వినగానే బయట టీ అంగడి దగ్గర ఉన్నవాళ్లు గ్లాసులు పెట్టేసేవాళ్లు, జట్కా దిగుతున్నవాళ్లు పరుగందుకునేవాళ్లు, కాళ్లు చాపుకుని కునుకు తీస్తున్నవాళ్లు మూటలు నెత్తికెత్తుకునేవాళ్లు. చదువు రానివాళ్లకు కూడా అర్థమయ్యే భాష అదొక్కటే. దశాబ్దాల తరబడి మేమే వాళ్లకు ఆ భాష నేర్పాం.

నేను కొత్తగా చేరినప్పుడు మా స్టేషన్ మాస్టరు వరదరాజన్ గారు. తమిళాయన. బండ్లు నడపడంలో ఆయనకు సాటి వచ్చే మనిషిని నేను తర్వాత కూడా చూడలేదు. రెండు చెవులకూ రెండు ఫోన్లు పెట్టుకుని రెండు వైపుల నుంచి వచ్చే బండ్లను ఒక్క నిమిషం తేడా లేకుండా దాటించేవాడు. అయితే ఆయన కళ్లు ఎప్పుడూ పట్టాల మీదే ఉండేవి. ప్లాట్‌ఫారం మీద ఉన్న మనుషులు ఆయనకు ఒక అడ్డు, అంతే.

పత్తి మార్కెట్ జోరుగా సాగుతున్న రోజుల్లో ఒక మధ్యాహ్నం పార్సిల్ ఆఫీసు పక్కన పేర్చిన గోనె సంచుల కట్టకు నిప్పంటుకుంది. ఎవడో బీడీ పారేసి ఉంటాడు. పెద్ద మంట కాదు, కానీ పొగ దట్టంగా లేచింది. వరదరాజన్ గారు గదిలోంచి బయటికొచ్చి, పొగ చూసి, వెంటనే గంట కొట్టమని కేకేశాడు. ఆగకుండా కొట్టమన్నాడు. జనం హెచ్చరిక విని బయటికి పోతారని ఆయన ఉద్దేశం.

జనం లోపలికి వచ్చారు. బయట ఉన్నవాళ్లంతా ఒక్కసారిగా గేటులోంచి తోసుకుని ప్లాట్‌ఫారం మీదికి వచ్చి పడ్డారు. లోపలున్నవాళ్లు బండి ఎక్కడానికి ప్లాట్‌ఫారం అంచుకు జరిగారు. గంట ఆగకుండా మోగుతోంది కాబట్టి బండి వచ్చేసిందేమోనని ఇంకా తోసుకున్నారు. వాళ్ల వెనక పొగ, ముందు పట్టాలు. ముందు నుయ్యి వెనక గొయ్యి అనే మాట అందరూ వాడతారు గానీ, అదెలా ఉంటుందో ఆ రోజు నేను కళ్లారా చూశాను. ఇసుక బక్కెట్లతో మంట ఆర్పడం పెద్ద పనేమీ కాలేదు. ఆ తోపులాటలో కైరుప్పల నుంచి వచ్చిన ఒక ముసలమ్మ మాత్రం పడిపోయి చెయ్యి విరగ్గొట్టుకుంది.

ఆమెను బల్ల మీద కూర్చోబెట్టి కట్టు కట్టిస్తుంటే వరదరాజన్ గారు వచ్చి, పొగ కనబడుతుంటే లోపలికి ఎందుకు వచ్చావని గదమాయించాడు. ఆమె నొప్పితో పళ్లు బిగబట్టి ఆయన వైపు చూసింది.

"గంట కొట్టినారు కదప్పా. గంట కొడితే బండి వచ్చినట్టు గదా," అంది.

ఆయన జనానికి బుద్ధి లేదని సణుక్కుంటూ లోపలికి పోయాడు. నా లెక్కన బుద్ధి తప్పింది జనం కాదు. మనం ఏది నేర్పామో అదే వాళ్లు చేశారు. ఇన్నేళ్లూ రమ్మని పిలిచిన గొంతుతోనే ఇవాళ పొమ్మంటే ఎవరు పోతారు? వరదరాజన్ గారికి ఆ సంగతి రిటైరయ్యేదాకా తలకెక్కలేదు. ఆయన దగ్గర బండ్లు నడపడం నేర్చుకున్నాను. మనుషుల్ని నడపడం మాత్రం ఆ ముసలమ్మ మాటతోనే మొదలుపెట్టాను.

హాజీలను సాగనంపే రోజు

ఎనభైల్లో నేను మళ్లీ ఆదోనికి వచ్చినప్పుడు స్టేషన్‌కు మైకు వచ్చింది. మైకు వచ్చిందని సంబరపడ్డాం గానీ, అందులో చెప్పేది ఏ భాషో చెప్పేవాడికి కూడా అనుమానమే. జనం ఆ గురగుర వినబడగానే పక్కవాణ్ణి "ఏమన్నారన్నా?" అని అడిగేవాళ్లు. పక్కవాడు తనకు తోచింది చెప్పేవాడు. కాబట్టి పిల్లలూ, ఆపదలో మైకును నమ్ముకోకండి.

ఆదోని స్టేషన్ అన్నిటికన్నా కిక్కిరిసేది జాతరలకో ఎన్నికలకో కాదు, హజ్ యాత్రికులు బయలుదేరే రోజున. అప్పట్లో చాలామంది బొంబాయి పోయి ఓడ ఎక్కేవాళ్లు. మద్రాసు నుంచి గుంతకల్లు మీదుగా వచ్చే బొంబాయి మెయిలు వాళ్ల బండి. ఆదోని నుంచి, ఎమ్మిగనూరు నుంచి, చుట్టుపక్కల పల్లెల నుంచి పోయేవాళ్లు ఒక పది పదిహేను మంది ఉంటే, సాగనంపడానికి ఊరికి ఊరే కదిలొచ్చేది. పూలదండలు, అత్తరు, అన్నం క్యారియర్లు, ఆరిన రొట్టెల మూటలు. హిందువులూ వచ్చేవాళ్లు. మంచి పనికి పోతున్న మనిషిని సాగనంపితే మనకూ ఇంత పుణ్యం దక్కుతుందని మా వైపు నమ్మకం. ఒక్కరికి టిక్కెట్టు ఉంటే యాభై మంది ప్లాట్‌ఫారం మీద ఉండేవాళ్లు.

ఆ ఏడు పోయేవాళ్లలో మా ఎమ్మిగనూరి హుసేనప్ప, ఆయన భార్య ఖాసీంబీ ఉన్నారు. దూదేకులవాళ్లు. మా వీధి మొదట్లోనే ఆయన పరుపుల అంగడి. మా ఇంట్లో పెళ్లి పరుపులన్నీ ఆయన కుట్టినవే. నేను ఆయన్ను మామా అని పిలిచేవాణ్ణి. యాత్రకు దరఖాస్తు పెట్టినవాళ్లు ఎక్కువ, ఓడలో చోటు తక్కువ. చీటీలు తీసి ఎంపిక చేసేవాళ్లు. ఆయన పేరు ఏళ్ల తరబడి రాలేదు. ఒకసారి వచ్చింది గానీ ఖాసీంబీకి జబ్బు చేసి పోలేకపోయారు. ఈసారి ఇద్దరి పేర్లూ వచ్చాయి. ఆ కబురు చెప్పడానికి ఎమ్మిగనూరి నుంచి బస్సెక్కి నా స్టేషన్ దాకా వచ్చాడు. ఆయనకు అప్పటికే చూపు మందగించింది. ఇంకో ఏడాది ఆగే ఓపిక తనకు లేదని నవ్వుతూనే అన్నాడు.

ఆ రోజు డ్యూటీలో నేనున్నాను. ఆషాఢం గాలి ఈడ్చి కొడుతోంది. మెయిలు రావడానికి ఇంకా కొంత వ్యవధి ఉంది. ప్లాట్‌ఫారం మీద ఇసుక వేస్తే రాలనంత జనం.

పొగ

మా ప్లాట్‌ఫారానికి రాయచూరు వైపు చివరన గూడ్స్ షెడ్డు. ఆ పక్క లైను మీద పత్తి బేళ్లు నింపిన వ్యాగన్లు నిలిచి ఉన్నాయి. వాటిని ఆనుకుని ఒక వ్యాగన్ నిండా వేరుశనగ నూనె డబ్బాలు. బేళ్ల వ్యాగన్ తలుపు సందులోంచి సన్నగా, ఊదుబత్తి పొగలాగా పొగ వస్తోందని మా పోర్టరు సుంకన్న వచ్చి చెప్పాడు.

ప్రెస్సు చేసిన బేలు ఎలా కాలుతుందో ఆదోనివాళ్లకు చెప్పనక్కర్లేదు, మిగతావాళ్లకు చెప్పాలి. పత్తిని గట్టిగా అదిమి కట్టిన మూట అది. నిప్పు లోపల పడితే పైకి మంట కనబడదు. నీళ్లు పోస్తే పైన తడుస్తుంది, లోపల రాజుకుంటూనే ఉంటుంది. గాలి తగిలిందా, ఒక్కసారిగా భగ్గుమంటుంది. అందుకే పత్తి ఊళ్లో సన్న పొగను చూసి సన్న పొగే కదా అనుకునేవాడు ఆ ఉద్యోగానికి పనికిరాడు. పక్కనే నూనె. గాలేమో పొగను ప్లాట్‌ఫారం మీదికి అడ్డంగా తోస్తోంది. నాకు క్షణం కూడా అనుమానం లేదు. ప్లాట్‌ఫారం ఖాళీ చేయాలి, అదీ మంట లేవకముందే.

సుంకన్న చెయ్యి అప్పటికే గంట సుత్తి మీదికి పోయింది. ఆ చెయ్యి పట్టుకున్నాను. గంట ముట్టవద్దన్నాను. జనం వచ్చిపోయే తలగేటు దగ్గర నిలబడి బయటి నుంచి ఒక్కరినీ లోపలికి రానివ్వకుండా చూడమన్నాను. ఖాళీ చేయించడమంటే మొదట లోపలికి వచ్చే దారి మూయడం. నీళ్ల తొట్టికి చిల్లు పెట్టి, పైన కొళాయి తిప్పి ఉంచితే తొట్టి ఎప్పటికి ఖాళీ అవుతుంది?

తర్వాత గుంతకల్లు వైపు చివరన పార్సిల్ బండ్లు వచ్చే వెడల్పు గేటు తాళం తీయించాను. తలగేటు ఇరుకు, అక్కడ తొక్కిసలాట ఖాయం. ఈ వెడల్పు గేటులోంచి బయటపడి, కంచె పక్కనున్న బండ్ల బాట పట్టుకుని పోతే లెవెల్ క్రాసింగ్ వస్తుంది. అంత దూరానికి పొగ రాదు. వచ్చే బండిని స్టేషన్ బయటే ఆపే హోమ్ సిగ్నల్ కూడా ఆ దగ్గరే. ఫైరింజనుకు ఫోను చేశాను. సిగ్నళ్లు తిప్పే క్యాబిన్‌కు ఫోను చేసి హోమ్ సిగ్నల్ ఎర్రగా పెట్టమన్నాను. మెయిలు అప్పటికే వెనక స్టేషన్ దాటి బయలుదేరింది.

ఇంతవరకూ నా చేతిలో పని. ఇక మిగిలింది జనం. నిప్పు అని అరిస్తే ఆ జనంలో ఎంతమంది నలిగిపోతారో నాకు తెలుసు. అరవకపోతే ఎవడూ కదలడు. ఇద్దరు పోలీసులు లాఠీలు ఊపుతూ బయటికి పొమ్మంటున్నారు, వాళ్లను ఎవరూ పట్టించుకోవడం లేదు. హాజీ బండెక్కకముందే ఎవరు పోతారు?

అప్పుడు నాకు తట్టింది. ఈ జనం స్టేషన్‌కు రాలేదు, ఒక మనిషి కోసం వచ్చారు. ఆ మనిషి ఎక్కడుంటే వీళ్లూ అక్కడే. నేను జనాన్ని కదిలించనక్కర్లేదు. హాజీలను కదిలిస్తే చాలు.

మామ

హుసేనప్ప మామ ప్లాట్‌ఫారం మధ్యలో ట్రంకు పెట్టె మీద కూర్చుని ఉన్నాడు. మెడలో దండలు గడ్డం దాకా వచ్చాయి. నేను ఆయన ముందు గొంతుక్కూర్చుని, చెవి దగ్గర నోరు పెట్టి సంగతి చెప్పాను. బేళ్ల వ్యాగన్‌లో నిప్పు పడిందనీ, ఇక్కడి నుంచి లేచి లెవెల్ క్రాసింగ్ గేటు దాకా నడవాలనీ, ఆయన నడిస్తేనే మిగతావాళ్లు కదులుతారనీ చెప్పాను. పత్తి సంగతి ఆయనకు నేను చెప్పాలా? ఒక్కసారి తల తిప్పి గాలి వాసన చూశాడు. ముఖం మాడిపోయింది. అయినా లేవలేదు.

"నాగప్పా, బండి తప్పితే ఓడ తప్పుతాది. ఓడ తప్పితే మళ్ల నా పేరు వస్తాదని ఎవురు సెప్పల్ల? నేను ఈడే కూసుంటా. కాలితే కాలనీ," అన్నాడు.

ఆయన తప్పు మాట్లాడాడని నేను అనను. ఇరవై ఏళ్లు ఎదురుచూసిన బండి వస్తుంటే దానికి వీపు తిప్పి నడవమంటున్నాను. ఏ అధికారీ ఇంతకన్నా పెద్ద మాట అడగలేడు. ఇక్కడ రూలు చెప్పినా, భయపెట్టినా, బతిమాలినా లాభం లేదు. ఆయనకు కావలసింది మాట. ఇవ్వగలిగిన మాటే ఇచ్చాను, ఇచ్చేటప్పుడే దాన్ని నిలబెట్టుకోవడం ఎంత కష్టమో కూడా తెలుసు.

"బండి గేటు కాడ ఆపిస్తా మామా. నువ్వూ అత్తా ఎక్కిందాకా అది కదలదు. ఆపే అధికారం ఈపొద్దు నాకే ఉండాది. లెయ్యి," అన్నాను.

ఆయన నా ముఖం వైపే చూశాడు. ఆ మసక కళ్లకు ఏం కనబడిందో నాకు తెలియదు. నా భుజం మీద చెయ్యి వేసి బరువుగా లేచాడు. ఆడవాళ్ల వెయిటింగ్ రూములో ఉన్న ఖాసీంబీకి కబురు పంపాడు. ఎవరో ఎందుకని అడిగితే, బండి గేటు దగ్గర ఆగుతుందట, రండి అని మాత్రం అన్నాడు. నిప్పు మాట ఎత్తలేదు. ఆ సంయమనం ఆయనది, నేను చెప్పింది కాదు.

ఆయన నడిచాడు. దండలు మోసేవాళ్లు నడిచారు. మిగతా హాజీలు ఆయన్ను చూసి లేచారు. ఎవరో ప్రవక్తను స్మరించే దరూద్ అందుకున్నారు, అందరూ గొంతు కలిపారు. ఆడవాళ్ల గదిలోంచి ఖాసీంబీ వస్తే ఆ బురఖాల గుంపంతా ఆమె వెనకే వచ్చింది. లాఠీలకు కదలని జనం ఒక ముసలాయన నడక వెంట ఊరేగింపులాగా కదిలింది. ఒకరినొకరు తోసుకోలేదు. హాజీని తోసుకుని ఎవరు ముందుకు పోతారు? మామూలు ప్రయాణికులు కూడా, ఇంతమంది పోతున్నారంటే బండి అటే ఆగుతుందేమోనని మూటలెత్తుకుని వెనకాలే పోయారు. చివరికి మిగిలింది టీ అంగడి వీరన్న ఒక్కడే. పాలు పొంగుతున్నాయి, దించి వస్తానన్నాడు. దించకముందే చొక్కా పట్టుకుని లాక్కుపోయాను. ఆ పాల సంగతి నన్ను చూసినప్పుడల్లా ఎత్తేవాడు.

కంట్రోలు మాట

నేను గదిలోకి వచ్చేసరికి బండ్లన్నిటికీ దారి చెప్పే కంట్రోలు ఆఫీసు ఫోను మోగుతోంది. అక్కడ కూర్చున్న ఆయన చెప్పింది సూటిగా ఉంది. మంట దగ్గర ప్రయాణికుల బండిని నిలపవద్దు. మంటకు ఎడంగా ఉన్న దూరపు లైను మీదుగా మెయిలును ఎక్కడా ఆపకుండా పంపించెయ్యి. ఆదోనిలో ఎక్కాల్సినవాళ్లు తర్వాతి బండికి పోతారు.

ఆయన కుర్చీలో నేనున్నా అదే చెప్పేవాణ్ణి. బండినిండా ఉన్న వందల ప్రాణాలు ఆయన బాధ్యత. పైవాళ్లంతా తెలివితక్కువవాళ్లని కథలు చెప్పే రిటైర్డు ఉద్యోగులను నమ్మకండి. చాలాసార్లు వాళ్ల మాటే సరైనది. కానీ వాళ్లకు కనబడనిది మనకు కనబడుతున్నప్పుడు, కనబడింది చెప్పడం మన పని. తర్వాతి బండి అంటే హాజీలకు ఓడ తప్పినట్టేనని చెప్పాను. ప్లాట్‌ఫారం ఖాళీ అయిందనీ, జనమంతా హోమ్ సిగ్నల్ దగ్గరే ఉన్నారనీ, సిగ్నల్ ఎర్రగా ఉంది కాబట్టి మెయిలు ఎలాగూ అక్కడ నిలుస్తుందనీ, ఆ నిలిచిన చోటే ఎక్కించి, ఫైరింజను వాళ్లు సరేనన్నాక దూరపు లైను మీద మెల్లగా దాటిస్తాననీ చెప్పాను.

ఎవరి బాధ్యత అని అడిగాడు. నాదే అన్నాను. తొందరగా కానియ్యి అని ఆయన ఫోను పెట్టేశాడు.

పొగ చూసి డ్యూటీ లేని మా అసిస్టెంటు స్టేషన్ మాస్టరు క్వార్టరు నుంచి పరిగెత్తుకొచ్చాడు. ఫోన్లు అతనికి అప్పగించి నేను గేటు వైపు పోయాను. సగం దూరం పోయానో లేదో, వెనక పెద్ద చప్పుడైంది. బేళ్ల వ్యాగన్ తలుపు ఊడిపడి, మంట పైకి లేచింది. గాలికి అది ప్లాట్‌ఫారం మీది రేకుల దాకా వంగింది. హాజీలు కూర్చున్న చోటు నిప్పు రవ్వలతో నిండిపోయింది. అక్కడ ఒక్క మనిషి లేడు. అది చూసినప్పుడు నాకు కలిగిన తృప్తి మళ్లీ ఏ పనిలోనూ కలగలేదు. గర్వమనే అనుకోండి.

తర్వాతి సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. గూడ్స్ షెడ్డు హమాలీలు నూనె వ్యాగన్‌ను గడ్డపారలతో మీటి, భుజాలు ఆనించి దూరంగా తోసేశారు. ఫైరింజను వచ్చింది. బేళ్లు బూడిదయ్యాయి. ఎవరికీ దెబ్బ తగల్లేదు. సిగ్నల్ దగ్గర జనాన్ని ఎందుకు ఎక్కించావని పైనుంచి వివరణ అడిగారు, ఇచ్చాను. ఆ కాగితాల గొడవ మీకెందుకు.

గేటు దగ్గర

మెయిలు ఎర్ర సిగ్నల్ చూసి, కూత మీద కూత వేస్తూ వచ్చి గేటు పక్కన నిలిచింది. అక్కడ ప్లాట్‌ఫారం లేదు. కంకర మీద నిలబడితే రైలు పెట్టె మెట్లు నడుము ఎత్తున ఉన్నాయి. గార్డు దిగి వచ్చి, దూరాన మంటను చూసి, రెండే రెండు నిమిషాలన్నాడు. ఎవరూ చెప్పకుండానే కుర్రాళ్లు ట్రంకు పెట్టెలు ఒకదాని మీద ఒకటి పేర్చి మెట్లు కట్టారు. ఒక్కో హాజీని రెక్కలు పట్టి ఎక్కించారు. ఖాసీంబీని ఎక్కించడానికి నలుగురు ఆడవాళ్లు చుట్టూ నిలబడి చీరలు అడ్డం పట్టారు. తొందరపడాల్సిన చోట తొందరపడ్డారు, కానీ ఒక్కరు కూడా ఒకరి కాలు తొక్కలేదు. క్రమశిక్షణ నేర్పాల్సింది జనానికేనని ఇప్పటికీ అనేవాళ్లను ఆ గేటు దగ్గరికి తీసుకుపోయి నిలబెట్టాలనిపిస్తుంది.

అందరికన్నా చివర హుసేనప్ప మామ మిగిలాడు. మిగతావాళ్లంతా ఎక్కేదాకా ఎక్కనన్నాడు. ఎక్కమని నేను చెయ్యి అందించాను. ఆయన ఎక్కలేదు. నా చేతిని రెండు చేతులతో పట్టుకున్నాడు.

హజ్‌కు పోయేవాళ్లు పోయేముందు తెలిసినవాళ్లందరినీ మాఫీ అడుగుతారు. తిరిగి వస్తామో రామో, ఎవరి పట్ల చేసిన తప్పు మూట గట్టుకుని పోకూడదని. ఆయన ఊళ్లో గడప గడపకూ తిరిగి అడిగే ఉంటాడు. మా ఇంటికి వచ్చి మా అమ్మను కూడా అడిగాడని నాకు తెలుసు. నాతో ఆయనకు ఏం తగువుందని అడుగుతాడు, మాటవరసకే అనుకున్నాను.

గార్డు ఈల ఊదాడు. మామ వదల్లేదు.

"ఈడికి నడుసుకుంటా వచ్చేటప్పుడు దారి పొడుగునా నిన్ను మనసులో శాపనార్థాలు పెట్టినా నాగప్పా," అన్నాడు. "వీడు నా బండి తప్పిస్తాండాడు, వీని ఇల్లు కూలిపోనీ అనుకున్నా. నోట్లో దరూద్, లోపల నీకు శాపం. అది మోసుకోని నేను ఆడికి ఎట్ల పోవల్ల? మాఫ్ సెయ్యప్పా."

స్టేషన్ మాస్టరుగా నా మీద ఎన్నో ఫిర్యాదులు వచ్చాయి. ముఖం మీద తిట్టినవాళ్లున్నారు, పైకి రాసినవాళ్లున్నారు. చేతులు పట్టుకుని చెప్పిన ఫిర్యాదు మాత్రం అదొక్కటే. నాకు కళ్లనిండా నీళ్లు వచ్చాయి. మా వెనక మంట చప్పుడు వినబడుతూనే ఉంది, ముందు పెట్టెలోంచి ఖాసీంబీ పిలుస్తోంది. నా మాటను నమ్మి ఆయన లేచి నడిచాడని ఆ క్షణం దాకా అనుకుంటున్నాను. నమ్మకుండానే నడిచాడు. బండి పోతుందనే అనుకుంటూ, మిగతావాళ్ల కోసం నడిచాడు.

"మాఫ్ సేసినా మామా, ఎక్కు," అన్నాను.

ఆయన ఎక్కాడు.